మీ ఊరి నడక దారికి ప్రభుత్వ నిధులు రాబట్టడం ఎలా: విశాఖ శివారు గ్రామాల వారికి

తెల్లవారుజామున ఆనందపురం పరిసరాల్లో ఆరు వరుసల జాతీయ రహదారి అంచున, లారీల వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ నడిచే పెద్దవారిని మీరు చూసే ఉంటారు. వారిలో చాలామందికి చక్కెర జబ్బుకో రక్తపోటుకో వైద్యుడు రోజూ నడవమని చెప్పి ఉంటాడు. ఒకప్పుడు అదే ఊళ్లో నడవడానికి చెరువు గట్టు ఉండేది, పొలాల మధ్య గోర్జి ఉండేది, కొండ అడుగు దాకా డొంక ఉండేది. భోగాపురం విమానాశ్రయం, కొత్త లేఅవుట్లు, నగరం నుంచి వచ్చి స్థిరపడుతున్న కుటుంబాలు కలిసి ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం మండలాల గ్రామాలను వేగంగా పెంచుతున్నాయి. ఊరు పెరుగుతున్న కొద్దీ నడిచే నేల మాత్రం తరుగుతోంది.

మీరు మండల కార్యాలయానికి వెళ్లి "మా ఊరికి వాకింగ్ ట్రాక్ కావాలి" అని అర్జీ ఇస్తే, అలాంటి పద్దు తమ వద్ద లేదన్న జవాబు రావచ్చు. ఆ జవాబు చాలావరకు నిజమే. పల్లెల్లో నడక దారులకంటూ విడిగా పెద్ద పథకమేదీ లేదు. అయినా ఆ దారిని కట్టగల డబ్బు వేర్వేరు పద్దుల్లో, వేర్వేరు పేర్లతో ఉంది. రాజ్యాంగపు పదకొండో షెడ్యూలు గ్రామ పంచాయతీలకు అప్పగించదగినవిగా చూపిన 29 అంశాల్లో రోడ్లు, కల్వర్టులు, రాకపోకల మార్గాలు 13వ అంశం; సామాజిక అడవుల పెంపకం 6వది; ఉమ్మడి ఆస్తుల నిర్వహణ 29వది. మీరు కోరే దారి ఈ మూడింటికీ చెందుతుంది. దాన్ని ఒకే పనిగా అడగకుండా మట్టి పని, గ్రావెల్ పని, కల్వర్టు, మొక్కల పెంపకం అని విడదీసి, ప్రతి ముక్కకు దాని అసలు పద్దు చూపించడమే ఈ వ్యవహారంలో నేర్చుకోవలసిన మొదటి విద్య.

అన్నిటికంటే ముందు మీ ఊరు ఏ పరిధిలో ఉందో నిర్ధారించుకోండి. భీమునిపట్నం, అనకాపల్లి పట్టణాల మాదిరిగా మీ ఊరు మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసి ఉంటే, ఇక్కడ చెప్పబోయే పంచాయతీ మార్గం మీకు వర్తించదు. మీరు వార్డు సచివాలయం ద్వారా జోనల్ కార్యాలయానికి వెళ్లాలి. ఊరు ఇంకా పంచాయతీగానే ఉండి, విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ పరిధిలో కూడా ఉంటే, రెండు తలుపులూ తట్టవచ్చు. కాని ఆ సంస్థ 2041 బృహత్ ప్రణాళికలో మీ దారి వెళ్లే చోట పెద్ద రోడ్డేదైనా గీసి ఉందేమో ముందుగా చూడండి. రేపు వంద అడుగుల రోడ్డు రాబోయే చోట ఈరోజు నడక దారి వేసినా అది నిలవదు.

ఆ తరువాత దారిని కాగితం మీద కాక కాళ్లతో ఎంచుకోండి. వానలు పడిన మరుసటి రోజు, ఊళ్లోని నలుగురైదుగురితో కలిసి, ఇప్పటికే జనం నడిచే బాటల వెంట నడవండి. నీరు ఎక్కడ నిలుస్తుందో, గెడ్డ (వాగు) ఎక్కడ దాటాలో, ఏ మలుపులో చీకటి ఎక్కువో ఆ నడకలోనే తెలుస్తుంది. ఆ నలుగురిలో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలని నేను గట్టిగా చెబుతాను. ఏ వైపు ఇళ్లు లేవో, ఏ తోట పక్కగా సాయంత్రం వెళ్లడానికి జంకుతారో వారు చెప్పినంత స్పష్టంగా మరెవరూ చెప్పలేరు. పశువుల కాపరులను, ఆ గోర్జిలో ధాన్యం బండ్లు తోలే రైతులను కూడా అడగండి. వారి దారిని నడక దారిగా మార్చి గేటు పెడితే గొడవ తప్పదు, ఆ గొడవలో న్యాయం కూడా వారి వైపే ఉంటుంది. పశువులు, బండ్లు వెళ్లే వెడల్పును వదిలి, ఒక అంచున నడకకు చోటు చూసుకోవడం మేలు.

మొదటి ఏడాదికి ఒకటి, ఒకటిన్నర కిలోమీటరు చాలు. ఊరి మధ్య నుంచి చెరువుకో, బడికో, గుడికో చేరేదైతే దానికి మద్దతు తేలికగా దొరుకుతుంది.

ఇక అసలు పరీక్ష భూమి రికార్డు. నిధుల కోసం తిరిగేవారు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. మా మండలంలో ఒక గ్రామం వారు రెండేళ్లు తిరిగి దారికి మంజూరు తెచ్చుకున్నారు, సగం మట్టి కూడా పోశారు. అప్పుడు పక్క పొలం యజమాని తన పట్టా చూపించి పని ఆపించాడు. వారి అర్జీలో "చెరువు నుంచి రామాలయం వరకు" అని మాత్రమే ఉంది, సర్వే నంబరు ఒక్కటీ లేదు. ఆ కుప్పలు నేటికీ అక్కడే గడ్డి మొలిచి ఉన్నాయి. మీకు ఆ దుస్థితి రాకూడదంటే, అర్జీ రాయడానికి ముందే గ్రామ సర్వేయర్ దగ్గర కూర్చుని మీ దారి తాకే ప్రతి సర్వే నంబరును రాసుకోండి. రీసర్వే పూర్తయిన గ్రామమైతే పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చి ఉంటాయి కాబట్టి రెండింటినీ పక్కపక్కన నమోదు చేయాలి. పొలాల కొలతలు చూపే ఎఫ్‌ఎంబీ పటంలో దారి వెడల్పు ఎంతో, పాత భూమి రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్‌లో ఆ నంబరు డొంకగా ఉందా, వాగు పోరంబోకుగా ఉందా, చెరువుగా ఉందా, పట్టాగా ఉందా అన్నది చూసుకోండి. పాత రికార్డులో డొంక అని ఉన్నది కొత్త రికార్డులో కనిపించకపోతే, అది పొరపాటో ఆక్రమణో తేల్చాలని తహసీల్దారుకు అప్పుడే రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కాగితానికి రసీదు తీసుకోవడం మరువకండి.

గ్రామంలోని ప్రజా రహదారులు, జాతీయ, రాష్ట్ర, జిల్లా పరిషత్ రోడ్లు మినహా, పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీకే దఖలు పడి ఉంటాయి. అందువల్ల రికార్డులో దారిగా ఉన్న నేల మీద పని చేయడం అన్నిటికన్నా సులువు. ఉమ్మడి నేలలను, చెరువులను ఆక్రమణల నుంచి విడిపించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. గోర్జి ఆక్రమణకు గురైన చోట మీ అర్జీలో ఈ తీర్పును ఒక వాక్యంలో ప్రస్తావించండి. అదే తీర్పు మిమ్మల్ని కూడా కట్టడి చేస్తుందని గుర్తుంచుకోండి: చెరువు గట్టు మీద నడవవచ్చు గాని, దారి కోసం చెరువు గర్భంలోకి మట్టి నెట్టరాదు.

చెరువు గట్టును ఎంచుకుంటే రెండు అంగీకారాలు కావాలి. మొదటిది ఆ చెరువు ఎవరి అధీనంలో ఉందో వారిది. చాలాచోట్ల అది జలవనరుల శాఖ. రెండోది సాగునీటి వినియోగదారుల సంఘానిది. రైతులకు ఉండే అనుమానం ఒక్కటే, మదుము (తూము) దగ్గరకు, అలుగు దగ్గరకు తమకు దారి మూసుకుపోతుందని. గట్టు ఎత్తు తగ్గించబోమని, మదుము వద్ద చోటు వదులుతామని, అలుగును కాంక్రీటుతో పూడ్చబోమని మీరే ముందు రాసివ్వండి. 2022 ఏప్రిల్ 24న మొదలైన అమృత్ సరోవర్ కింద జిల్లాకు 75 చొప్పున చెరువులను బాగు చేసే కార్యక్రమం జరిగింది. మీ చెరువు ఆ జాబితాలో ఉంటే గట్టు ఇప్పటికే బలపడి ఉండవచ్చు, మొక్కలూ నాటి ఉండవచ్చు. అప్పుడు మీరు అడగవలసిన పని సగానికి తగ్గుతుంది.

లేఅవుట్ల మధ్య నుంచి వెళ్లే దారి అయితే ఇంకొక ఆధారం ఉంది. 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం ఆమోదిత లేఅవుట్‌లో 10 శాతం స్థలాన్ని ఖాళీ స్థలంగా విడిచి, రోడ్లతో పాటు స్థానిక సంస్థకు దానపత్రం ద్వారా అప్పగించాలి. ఆ దానపత్రం నకలు పంచాయతీ కార్యదర్శి వద్ద అడిగి చూడండి. పక్కపక్కన ఉన్న రెండు మూడు వెంచర్ల ఖాళీ స్థలాలు ఒక వరుసలో కలిసే చోట, ఏ రైతు నేలనూ తాకకుండా మంచి దారి కుదురుతుంది.

కొన్ని చోట్ల మాత్రం అడుగు వెనక్కి వేయడమే సరి. రక్షిత అటవీ భూమిలో, కంబాలకొండ అభయారణ్యం అంచుల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా మట్టి తట్ట కూడా వేయరాదు. భీమునిపట్నం తీరంలో తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. జాతీయ భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఎర్రమట్టి దిబ్బల మీద ఎవరు ఎంత మంచి ఉద్దేశంతో దారి ప్రతిపాదించినా నేను సమర్థించను. వేల ఏళ్లలో పేరుకున్న ఆ ఇసుక ఒక్కసారి కోసుకుపోతే మళ్లీ రాదు.

రికార్డు చేతికి వచ్చాక గ్రామసభకు వెళ్లండి. 1994 పంచాయతీరాజ్ చట్టంలోని 6వ సెక్షన్ గ్రామసభకు ఆధారం. వచ్చే ఆర్థిక సంవత్సరపు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం ప్రచార కార్యక్రమం ఏటా అక్టోబరు 2న మొదలవుతుంది. కాబట్టి మీ కాగితాలు సెప్టెంబరు నాటికి సిద్ధంగా ఉండాలి. ఊళ్లో ఎన్నికైన పాలకవర్గం ఉన్నా, ప్రత్యేకాధికారి పాలన ఉన్నా, గ్రామసభ తీర్మానం లేని పని ప్రణాళికలో చేరదు, ప్రణాళికలో లేని పనికి ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్ నుంచి చెల్లింపు జరగదు. తీర్మానంలో దారి మొదలు, చివర, సర్వే నంబర్లు, పొడవు, వెడల్పు, కోరుతున్న పద్దులు, నిర్వహణ బాధ్యత పంచాయతీదేనన్న మాట స్పష్టంగా ఉండాలి. "ఊరి అభివృద్ధికి నడక దారి అవసరమని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అన్న ఒక్క వాక్యంతో ఏ ఇంజినీరూ అంచనా వేయలేడు. సభకు స్వయం సహాయక సంఘాల సభ్యులను, బడి ఉపాధ్యాయులను, ఆశా కార్యకర్తను రప్పించండి. హాజరు పట్టికలో సంతకాలు ఎన్ని ఉంటే పై కార్యాలయంలో ఆ కాగితానికి అంత బరువు.

అంచనా తయారు చేసేది గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్. దాన్ని పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం పరిశీలిస్తుంది. లెక్క వారిదే అయినా, ఏమి కావాలో మీకు తెలిసి ఉండాలి. పాదచారుల సౌకర్యాలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల నిరాటంక వెడల్పు ఉండాలంటాయి. ఇద్దరు పక్కపక్కన నడవడానికి, చక్రాల కుర్చీ ఒకటి వెళ్లడానికి అది చాలు. మీరు 2 మీటర్లు అడగండి. కిలోమీటరు పొడవున 2 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం గ్రావెల్ అంటే కుదించాక 300 ఘనపు మీటర్లు. అదే దారిని 10 సెంటీమీటర్ల సిమెంటు కాంక్రీటుతో వేస్తే 200 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది, ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కుదించిన గ్రావెల్ నేల మోకాళ్లకు మెత్తగా ఉంటుంది, వాన నీటిని కొంత ఇంకనిస్తుంది, పాడైన చోట కూలీలతోనే సరిచేయవచ్చు. నీరు ఒరుసుకుపోయే వాలు మీద, గెడ్డ దాటే చోట, బడి ముందు మాత్రం కాంక్రీటు అవసరం. రంగురంగుల టైల్సు ఫొటోలో బాగుంటాయి గాని రెండు వానాకాలాలకు లేచిపోవడం నేను చాలాచోట్ల చూశాను. మధ్య నుంచి రెండు అంచులకు కొద్దిగా వాలు, పక్కన కాలువ, పల్లం వచ్చిన ప్రతిచోట తూము గొట్టం ఉంటే పది లక్షల అలంకారం కంటే దారికి ఎక్కువ ఆయుష్షు. మెట్లు పెట్టవలసి వస్తే పక్కన 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించని ర్యాంపు కూడా అంచనాలో చేర్చమనండి.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచిన వారెవరినైనా దారిలో ఏమి కావలసివచ్చిందని అడగండి. తాగే నీరు, కూర్చోవడానికి అరుగు, తలదాచుకునే నీడ అంటారు. మీ దారికి కూడా అవే ముఖ్యం. అర కిలోమీటరుకు ఒక రాతి అరుగు చాలు. నీడకు వేప, కానుగ, నేరేడు నాటండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోడ్ల మీద అడ్డంగా పడిన చెట్లను చూసినవారు, వేరు లోతుగా పోని అలంకార వృక్షాలను దారి పక్కన నాటడానికి సాహసించరు.

ఇప్పుడు నిధుల మాట. మట్టి పని, గట్టు చదును, మొక్కల పెంపకం వంటివి కూలీలతో చేయదగినవి కాబట్టి ఉపాధి హామీ కిందికి వస్తాయి. 2005 చట్టం కింద కూలీల వాటా 60, సామగ్రి వాటా 40 శాతం నిష్పత్తి ఉండేది, కాంట్రాక్టర్లకు తావు లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో 125 రోజుల పని హామీతో కొత్త చట్టం చేసింది. కాబట్టి మీరు వెళ్లేనాటికి అనుమతించిన పనుల జాబితాను మండల ఉపాధి హామీ కార్యాలయంలో ఏపీఓ (సహాయ కార్యక్రమ అధికారి) వద్ద చూసి, ఆ జాబితాలో ఉన్న మాటలనే మీ తీర్మానంలో వాడండి. జాబితాలో "గట్టు పటిష్ఠం", "రహదారి పక్కన మొక్కల పెంపకం", "గ్రామ అంతర్గత రోడ్డు" వంటి మాటలు ఉంటాయి. "వాకింగ్ ట్రాక్" అని రాస్తే కంప్యూటర్ ఆ పనిని తీసుకోదు.

రెండోది ఆర్థిక సంఘం గ్రాంటు. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడి ఉండేది. 40 శాతం మాత్రమే పంచాయతీ తన అవసరాల మేరకు జీతాలు మినహా వాడుకోగలిగేది. ఆ తరువాతి సంవత్సరాలకు 16వ ఆర్థిక సంఘం షరతులు వర్తిస్తాయి. ఏ ఏడాది అయినా కార్యదర్శిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: షరతు లేని వాటాలో ఎంత మిగిలి ఉంది? కల్వర్టులకు, కాంక్రీటు ముక్కలకు ఆ డబ్బు తగినది. దారి పక్క కాలువ మురుగునీటిని కూడా మోసేదైతే, దానికి పారిశుద్ధ్యపు వాటా నుంచి ఖర్చు చేయవచ్చేమో అడగడం కూడా తప్పు కాదు.

మూడోది పంచాయతీ సొంత ఆదాయం. పెరుగుతున్న గ్రామాలకు ఉన్న మేలు ఇదే: ఇంటి పన్ను, భవన నిర్మాణ అనుమతుల రుసుము, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సర్‌చార్జి వాటా మిగతా ఊళ్ల కంటే ఎక్కువగా ఉంటాయి. కొత్తగా వచ్చిన కుటుంబాలు పన్ను కడుతున్నాయి కాబట్టి వారికీ ఈ దారి మీద హక్కుంది, వారిని కూడా గ్రామసభకు పిలవండి. ఆ కుటుంబాల్లో ఇంజినీర్లు, విశ్రాంత ఉద్యోగులు ఉంటారు, దస్త్రం రాయడంలో వారి సాయం వెలకట్టలేనిది.

పార్లమెంటు సభ్యుడి స్థానిక ప్రాంత అభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. సభ్యుడు సిఫారసు చేస్తాడు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ప్రభుత్వ స్థలం మీద శాశ్వతంగా నిలిచే ఆస్తికే అది దొరుకుతుంది కాబట్టి మొక్కలకు, మరమ్మతులకు కాక కాంక్రీటు భాగానికి దాన్ని అడగండి. రాతి, గ్రావెల్ క్వారీలు ఉన్న గ్రామాలు జిల్లా ఖనిజ నిధిని కూడా అడగవచ్చు. 2015లో వచ్చిన ఈ ఏర్పాటు క్వారీల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసమే. టిప్పర్ల దుమ్ము మధ్య పిల్లలు బడికి నడుస్తున్నారన్న వాస్తవాన్ని ఫొటోలతో సహా జతచేస్తే ఆ దరఖాస్తు బలపడుతుంది. విశాఖలోని పరిశ్రమల సామాజిక బాధ్యత నిధులను మాత్రం దీపాలు, అరుగులు వంటి చివరి అవసరాలకు ఉంచుకోండి.

ఒకే ముక్కకు రెండు పద్దుల నుంచి డబ్బు అడగకండి. ఆడిట్‌లో అది పట్టుబడితే రెండూ ఆగిపోతాయి. అంచనాలోనే దూరం వారీగా, సున్నా నుంచి 400 మీటర్ల వరకు ఫలానా పద్దు, 400 నుంచి 430 వరకు కల్వర్టుకు ఫలానా పద్దు అని ఒక పట్టిక వేయించండి.

ఆ తరువాత పరిపాలనా ఆమోదం, సాంకేతిక మంజూరు అనే రెండు దశలు ఉంటాయి. ఫైలు ఏ బల్ల మీద ఉందో నెలకొకసారి మర్యాదగా కనుక్కోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది: మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. నిందలు రాయకుండా, ఫలానా తేదీ నాటి తీర్మానంపై తీసుకున్న చర్యల నకళ్లు మాత్రమే కోరండి.

పని మొదలైన రోజున సర్వేయర్ చేత హద్దు రాళ్లు పాతించి, వాటి ఫొటోలు తీసి ఉంచండి. గ్రావెల్ పోసేటప్పుడు నీళ్లు చల్లి రోలరు తిప్పుతున్నారో లేదో, మట్టి పోసే ముందు పాత గడ్డి చెక్కారో లేదో చూడటానికి ఊరి నుంచి రోజుకొకరు వంతు వేసుకోండి. చెల్లింపులన్నీ ఎం-బుక్ (కొలతల పుస్తకం)లోని కొలతల మీదే ఆధారపడతాయి. కొలతలు తీసేటప్పుడు మీలో ఒకరు టేపు రెండో చివర పట్టుకోవడానికి ముందుకు రండి. అడిగితే కాదనే ఇంజినీరు అరుదు.

దారి పూర్తయ్యాక దాన్ని పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో సర్వే నంబర్లతో సహా ఎక్కించమని రాతపూర్వకంగా కోరండి. రేపు పక్కన వచ్చే వెంచరు ఆ దారిని తన రోడ్డుగా చూపించుకోబోతే, అడ్డుకోవడానికి మీ చేతిలో ఉండేది ఆ రిజిస్టరు పేజీయే. దీపాల కరెంటు బిల్లు, ఏడాదికి రెండుసార్లు కలుపు తీత, వానాకాలం ముందు కాలువల పూడిక తీత, మూడేళ్లకొకసారి కొత్త గ్రావెల్ పొర అనే నాలుగు ఖర్చులను లెక్కగట్టి, వచ్చే అక్టోబరు 2కు ముందే కార్యదర్శికి ఇవ్వండి. మొదటి రెండు వేసవుల్లో మొక్కలకు నీళ్లు పోసే కూలీ దినాలను కూడా ఆ కాగితంలోనే చేర్చండి.